ఆషాఢంలో గుర్రాలకు గడ్డి చేను

పెళ్లి బారాత్‌లకు గుర్రాలను కిరాయికి ఇచ్చే మా బామ్మర్దిని ఏడాదిలో భయపెట్టే నెల ఒక్కటే, అది ఆషాఢం. ఆ నెలలో ముహూర్తాలు ఉండవు, బయానాలు రావు, కానీ నల్లగొండలో ఒక ఇరుకు సందులో, రేకుల షెడ్డు కింద కట్టేసి ఉన్న రాణికీ మోతీకీ ఆకలి పంచాంగం చూసి వేయదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెతను ఉలవలు కొన్నప్పుడల్లా తలుచుకునే ఆయన, ఈసారి జ్యేష్ఠం ముగియకముందే మా ఇంటికి వచ్చి, "బావా, రిటైరై ఖాళీగనే ఉంటివి గద, మీ ఊళ్లె నెలరోజులు మేపనీకి ఏదన్న చేను చూడరాదు" అన్నాడు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పినవాణ్ని గనుక, గడ్డి చేను ఎంచడం కూడా ఒక పనేనా అనుకుని ఒప్పుకున్నాను.

మా ఊరు దేవరకొండ దారిలో ఉంది. గుర్రాలకు చేను కావాలన్న మాట బయటపడిన మర్నాడే ఒక ఆసామి నన్ను తన భూమికి తీసుకెళ్లాడు. అది నిరుడు ఆముదం వేసిన చేను. రాలిన గింజలు తొలకరికి మొలిచి, గడ్డి నడుమ ఎర్రటి కాడలతో కళకళలాడుతున్నాయి. ఆముదం గింజ గుర్రానికి ప్రాణాంతకమని నేను వివరించబోతే, ఆయన నా అమాయకత్వానికి నవ్వి, "ఏం గాదు సారూ, ఆముదం తింటె కడుపు సాఫైతది" అన్నాడు. విషం నూనెలో ఉండదనీ, నూనె తీసిన తర్వాత మిగిలే పిండిలో ఉండిపోతుందనీ అరగంట పాఠం చెప్పి బయటపడ్డాను. రెండో చేనులో మోకాలెత్తు జొన్న పచ్చగా నిలిచి ఉంది. తొలకరి తర్వాత వాన ముఖం చాటేస్తే లేత జొన్నలో నాము అనే విషం చేరి పశువులను పడగొడుతుందని మన దగ్గర గొర్రెల కాపరికైనా తెలుసు. గుర్రాలు రోజుల తరబడి దాన్నే మేస్తే మూత్రాశయం చెడి, వెనుక కాళ్లు పట్టు తప్పుతాయి. ఆ చేనుకు దూరం నుంచే దండం పెట్టాను.

మూడోది మూడెకరాల చెల్క. ఇసుక కలిసిన ఎర్రనేల కాబట్టి వాన పడినా నీరు నిలవదు, గిట్టలు నానవు. గరిక దట్టంగా పరుచుకుంది. నీడకు రెండు వేపచెట్లున్నాయి. అక్కడక్కడా తలెత్తిన వయ్యారిభామను చేతులకు సంచులు తొడుక్కుని వేళ్లతో సహా పీకేశాను. నీళ్ల విషయంలో మాత్రం బోరును నమ్మలేదు. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడును తీసే పద్ధతికి ఏకంగా 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారంటే, మా బోర్ల కీర్తి ఎంత దూరం పాకిందో వేరే చెప్పనక్కరలేదు. గుర్రం రోజుకు ముప్ఫై నలభై లీటర్లు తాగుతుంది గనుక ఇంటి నల్లా నీళ్లనే డ్రమ్ముల్లో పట్టి ఆటోలో తెప్పించాను. అన్నీ కుదిరాక యజమాని చివరగా, "పోచమ్మ గుడి బాట పక్కనే సారూ, మనుషులు తిరుగుతనే ఉంటరు, దొంగల భయం ఉండదు" అన్నాడు. ఆ మాటను కూడా నా పుస్తకంలో లాభాల కిందనే రాసుకున్నాను.

చిక్కు కంచె దగ్గర వచ్చింది. చుట్టూ ముళ్లతీగ ఉంది. బెదిరిన గుర్రం ముందూ వెనకా చూడకుండా పరుగెత్తి ముళ్లతీగలో పడితే చర్మం చీలికలైపోతుంది కాబట్టి, దాన్ని విప్పించి కర్రలకు నున్నటి తీగ కట్టించాను. అయితే సన్నటి తీగ గుర్రం కంటికి ఆనదు. అడవిపందులను బెదిరించడానికి చేల చుట్టూ పాత చీరలు కట్టడం మన రైతులు చేసే పనే గనుక, నేనూ మా ఇంట్లో అటక మీది మూట దించి, తీగ పొడవునా చీరలు కట్టాను. మూటలో ఏవి పాతవో, ఏవి దాచుకున్నవో మా ఆవిడను అడగాలన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు.

మేపడం మొదలుపెట్టిన తర్వాత తెలిసింది, చేను ఎంచడమే సులువని. ఎండుగడ్డికి అలవాటు పడిన పొట్టకు ఒక్కసారిగా పచ్చిక దొరికితే అది పులిసి కడుపునొప్పి వస్తుంది; తిన్నది కక్కే యోగం గుర్రానికి లేదు. అందుకని మొదటిరోజు గంటసేపే వదిలి, రోజూ కొంచెం కొంచెం పెంచాలని కాగితం మీద రాసి వేపచెట్టుకు మేకు కొట్టాను. రెండో రోజు మోతీ ఆ కాగితాన్ని కూడా మేసింది. గుర్రానికి జీర్ణాశయం చిన్నది, ఆవులా నెమరు వేయదు. అందువల్ల రోజులో పదిహేను పదహారు గంటలు నోరాడుతూనే ఉంటుంది. పైగా రెండు దవడల ముందుపళ్లూ ఉండడం వల్ల గడ్డిని మంగలి కత్తితో గీసినట్టు నేలదాకా గీకేస్తుంది. నేను చేనును తాళ్లతో మూడు భాగాలు చేసి, గరిక నాలుగు వేళ్ల ఎత్తుకు దిగగానే గుర్రాలను పక్క భాగంలోకి మార్చాలని నిర్ణయించాను.

గుర్రాలు మాత్రం నాతో సంప్రదించకుండానే చేనును రెండు భాగాలు చేసుకున్నాయి: ఒకటి వంటిల్లు, రెండోది పాయఖానా. పేడ వేసిన మూలలో గడ్డి నడుమెత్తు పెరిగినా మూతి పెట్టలేదు. బాటన పోయేవారంతా ఆగి, "అంత గడ్డి పెట్టుకుని ఎందుకు మేపుతలేవు సారూ" అని నిలదీసేవారు. పురుగుల గుడ్లు పెరగకుండా రోజు విడిచి రోజు గంప పట్టుకుని పేడ ఎత్తేవాణ్ని. ఒకనాడు బైకు ఆపిన పాత విద్యార్థి, నా చేతిలోని గంపను చూసి, "పింఛను వస్తలేదా సార్" అని మెల్లగా అడిగాడు. ఆ మూల గడ్డిని మేపడానికి పక్కచేను ఆయన బర్రెలను పిలిపించాను. గుర్రాల కడుపులో పెరిగే పురుగులు బర్రె కడుపులో బతకవు కాబట్టి అది శాస్త్రీయమైన ఏర్పాటే. బర్రెల కోసం ప్రవేశం దగ్గరి వెదురు కర్రలు తీసి, తిరిగి పెట్టడం మరచిపోవడమే నా సొంత ఏర్పాటు.

అది ఆషాఢం చివరి ఆదివారం. గుడి బాటలో బోనాలు బయల్దేరాయి. మొదటి డప్పు మోగగానే మోతీ చెవులు నిక్కబొడుచుకుని నిలబడింది గానీ, ఇరవై రోజులుగా పని లేని రాణి ఆగలేదు. అది వాకిలి కోసం వెతికే శ్రమ కూడా పడకుండా, కంచెను ఛాతీతో తోసి, తెగిన తీగ నుంచి ఒక చీర వీపు మీద పడగా దానితోనే వెళ్లి, డప్పుల ముందు తనకు అలవాటైన చోట నిలబడి, ఒక్కొక్క కాలూ ఎత్తి ఆడడం మొదలుపెట్టింది. పోతరాజు కొరడా దించి పక్కకు తప్పుకున్నాడు. ఆడవాళ్లు గుర్రానికి పసుపు పెట్టి, వేపరెమ్మ కట్టారు. గంపతో సహా పరుగెత్తుకొచ్చిన నేను అప్పుడు చూశాను, దాని వీపు మీద ఉన్నది మా ఆవిడ పెళ్లినాటి గద్వాల చీర. ఆమె రెండో వరుసలో ఉంది. తలమీద బోనం ఉన్నందువల్ల తల తిప్పలేదు గానీ, కళ్లు తిప్పింది.

సాయంత్రానికి ఎవరో తీసిన వీడియో నల్లగొండ చేరింది. బామ్మర్ది ఫోన్ చేశాడు. తెగిన కంచె సంగతీ, వేరే చేను చూడాల్సిన సంగతీ చెప్పడానికి నేను గొంతు సవరించుకుంటుండగా, ఆయనే ముందు మాట్లాడాడు.

"అది సరే గని బావా, కిరాయి ఎంత దీసుకున్నవ్?"