పెట్రోలు ముల్లుకు అబద్ధమాడే హక్కు

బెంగళూరులో పాత మారుతి జిప్సీ జీపు ఉన్న మన తెలుగువాళ్ళలో ఈ మధ్య ఒక దురలవాటు ప్రబలుతోంది. డ్యాష్‌బోర్డు మీది పెట్రోలు ముల్లు తప్పు చూపిస్తోందట, దాన్ని బాగుచేయిస్తారట. ఇది ఎంత ప్రమాదకరమైన ధోరణో సకాలంలో హెచ్చరించడం నా బాధ్యత.

ముందు న్యాయం సంగతి చూద్దాం. ఈ ఊళ్ళో నిజం చెప్పే మీటరు ఏది? మీటరు మీద వస్తావా అని ఆటోవాణ్ణి అడిగితే జాలిగా చూస్తాడు. 'ఐదు నిమిషాల్లో ఉంటా సార్' అన్న నీళ్ళ ట్యాంకరు సాయంత్రానికి వస్తుంది. సిల్క్ బోర్డు దగ్గర ఫోనులో మ్యాపు ఇరవై నిమిషాలంటుంది, అరగంటయ్యాక చూసినా ఇరవై నిమిషాలే అంటుంది. వీళ్ళందరినీ వదిలేసి, 1985లో రోడ్డెక్కి ఇప్పుడు తయారీ కూడా ఆగిపోయిన బండిలోని ముల్లు ఒక్కటే సత్యహరిశ్చంద్రుడిలా బతకాలా? ఎప్పుడెప్పుడు బొంకవచ్చో బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు వరసపెట్టి చెప్పాడు. అప్పటికి జిప్సీ రాలేదు కాబట్టి ముల్లు పేరు అందులోకి ఎక్కలేదు, అంతే.

నిజానికి ముల్లు సొంతంగా ఏ అబద్ధమూ ఆడదు. ట్యాంకులో ఒక ఫ్లోటు తేలుతుంటుంది. దాని కడ్డీ ఒక రెసిస్టెన్స్ పట్టీ మీద రాసుకుంటూ పైకీ కిందికీ కదులుతుంది. రెసిస్టెన్స్‌ను బట్టి కరెంటు, కరెంటును బట్టి ముల్లు. కింద నుంచి వచ్చిన రిపోర్టును చదివి వినిపించే గుమాస్తా ఉద్యోగం దానిది. ఆ కరెంటు తిరిగి వెళ్ళే దారినే ఎర్త్ అంటారు. ట్యాంకుకూ, బండి చట్రమైన ఛాసిస్‌కూ మధ్య ఆ ఎర్త్ దగ్గర తుప్పు పడితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. చాలా పాత బండ్లలో రెసిస్టెన్స్ పెరగడమంటే పెట్రోలు తగ్గడం కిందే లెక్క, కాబట్టి నిండు ట్యాంకుతో కూడా ముల్లు నేలచూపులు చూస్తుంది. ఫ్లోటుకు చిల్లు పడి పెట్రోలు తాగి మునిగినా అదే కథ. కొన్ని బండ్లలో మీటర్ల వెనక చిన్న వోల్టేజి రెగ్యులేటరు ఉంటుంది. అది పాడైతే పెట్రోలు ముల్లూ టెంపరేచరు ముల్లూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పైకెక్కుతాయి. వీటిలో ఏదీ పెద్ద రోగం కాదు.

పెద్ద రోగం కాకపోవడమే అసలు చిక్కు. మా అపార్టుమెంటులో ఒకాయన ఉన్నాడు, నెల్లూరు వాడు, జిప్సీ అంటే ప్రాణం. బండికి, బురదలో దిగబడితే తాడుతో లాగే విన్చ్ పెట్టించాడు. పైన లైట్ల బారు. చెట్టంత టైర్లు. లోతు నీళ్ళలో కూడా ఇంజనుకు పైనుంచి గాలి అందించే గొట్టం, స్నార్కెల్ కూడా పెట్టించాడు. దాన్ని చూసి ఒకప్పుడు నవ్వేవాళ్ళం. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మునిగి, ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళాక నవ్వడం మానేశాం. ఇంత చేయించినవాడు ఎర్త్ వైరు మాత్రం ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకుంటాడు? విన్చ్‌ను ఫొటో తీసి స్టేటస్ పెట్టుకోవచ్చు. ఉప్పుకాగితంతో రుద్దిన ఇనుప ముక్కకు లైకు కొట్టేవాడెవడు?

మధ్యలో ఒకసారి, ఎవరో చెప్పారని ఆన్‌లైన్లో విదేశీ ఫ్లోటు యూనిట్ తెప్పిద్దామనుకున్నాడు. అదీ ముచ్చటైన మార్గమే. పాత అమెరికన్ జీపుల మీటరు సుమారు 10 ఓముల రెసిస్టెన్స్‌ను నిండు అనీ, 73ను ఖాళీ అనీ చదువుతుంది. బజారులో దొరికే ఇంకో రకం యూనిట్‌కు 0 అంటే ఖాళీ, 90 అంటే నిండు. ఒకదాని మీటరుకు ఇంకోదాని యూనిట్ తగిలించారంటే, పెట్రోలు పోసేకొద్దీ ముల్లు కిందికి దిగుతుంది. పొదుపు చేయాలనుకునే కుటుంబాలు ఆలోచించవచ్చు.

చివరికి ఆయన ముల్లును చూడటమే మానేశాడు. రిజర్వ్‌లో ఉన్నాననే దాని మొర 'నాన్నా పులి' కేక అయిపోయింది. ఒక శనివారం అది నిజమే చెప్పింది. సిల్క్ బోర్డు దగ్గర మొదలై ఎలక్ట్రానిక్ సిటీ దాకా దాదాపు 10 కిలోమీటర్లు సాగే ఫ్లైఓవర్ మీద, సరిగ్గా నడిమధ్యలో, బండి ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. 2010 నుంచీ ఆ ఫ్లైఓవర్ ఉంది, పైన పెట్రోలు బంకు మాత్రం లేదు. కిందికి దిగి సీసా పట్టుకెళితే ప్లాస్టిక్ సీసాలో పోయం పొమ్మన్నారు. లైట్ల బారు మాత్రం దేదీప్యమానంగా వెలుగుతోంది.

ఆ తర్వాతే కె.ఆర్.పురంలో మదనపల్లె మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అతను ముందుగా బీడీ ఆర్పేశాడు. ఫ్లోటు యూనిట్ వైరు ఊడదీసి, కీ ఆన్ చేయించి, ఆ కొసను ఒక్క క్షణం ఛాసిస్‌కు ఆనించాడు. ముల్లు నెమ్మదిగా లేచి నిండు దాకా వెళ్ళింది.

"మీటరుకేం కాలేదన్నా. వైరూ బాగుంది. ఎర్త్ పోయింది, అంతే."

బ్యాటరీ టెర్మినల్ తీసేసి బండి కిందికి దూరాడు. తుప్పు పట్టి ఎర్రగా పొక్కులు లేచిన స్క్రూ ఒకటి బయటికొచ్చింది. లోహం తెల్లగా మెరిసేదాకా రుద్ది, కొత్త వైరు ఒకటి ఛాసిస్‌కు బిగించాడు. విన్చ్‌కు కట్టిన జీఎస్టీలో పిసరంత కూడా కాలేదు ఖర్చు.

నేను భయపడిందే జరిగింది. బండి లీటరుకు పద్నాలుగు ఇస్తుందని ఆయన అసోసియేషన్ మీటింగుల్లో సైతం చెప్పుకునేవాడు. ముల్లు పనిచేయనంత కాలం ఎవరూ కాదనలేకపోయారు. ఇప్పుడది ఎనిమిది దగ్గర తేలింది. పైగా ఆ ముల్లు డ్రైవరు ఒక్కడికే కాదు, పక్క సీట్లో కూర్చున్న ఆవిడకు కూడా స్పష్టంగా కనిపిస్తోంది. లీటరు వంద దాటిన ఊళ్ళో ఆవిడ దాన్ని కన్నార్పకుండా చూస్తోంది.

నిన్న మళ్ళీ కె.ఆర్.పురం వెళ్ళాడట.

"తమ్ముడూ, ఆ పాత స్క్రూ పారేశావా?"

"లేదన్నా, డబ్బాలో ఉంది. మళ్ళా పెట్టేస్తా గానీ, లేబరు వేరేగా అవుతాది."