మైక్రో జిరాక్స్ గారికి, వాల్యుయేషన్ క్యాంపు నుంచి

పరీక్ష హాల్లోకి దొంగచాటుగా దూరే కాపీ చీటీ, మహారాజశ్రీ మైక్రో జిరాక్స్ గారి దివ్య సముఖానికి,

తమరు క్షేమంగానే ఉన్నారని ఈ మధ్యాహ్నం నా బల్ల మీదికొచ్చిన జవాబు పత్రాల కట్ట విప్పగానే తెలిసింది. సివిల్ ఇంజినీరింగ్ వాళ్ల స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, సప్లిమెంటరీ. పేపరు తర్వాత పేపరులో ఒకటే వాక్యం: 'పటం 4.3లో చూపినట్టు'. పటం మాత్రం ఏ పేపర్లోనూ లేదు. గైడులో అది పక్క పేజీలో ఉంటుంది, ఆ పేజీ తమరిలో ఇమడలేదు కాబోలు. లేని బొమ్మ కోసం పూటంతా వెతికే భాగ్యం ప్రసాదించారు. ధన్యవాదాలు.

తమ జన్మరహస్యం లోకవిదితం. పేజీని 50 శాతానికి కుదించి, ఆ కాపీని మళ్లీ 50 శాతానికి కుదిస్తే పొడవులో నాలుగో వంతు, వెడల్పులో నాలుగో వంతు. ఒక్క ఏ4 కాగితంలో 16 పేజీలు. 12 పాయింట్ల అక్షరం 3 పాయింట్లకు, అంటే సుమారు ఒక మిల్లీమీటరుకు దిగిపోతుంది. కత్తిరించి బెల్టు లోపల కొంత, సాక్సులో కొంత, క్యాలిక్యులేటర్ మూత కింద కొంత సర్దాక, ఏ యూనిట్ ఎక్కడుందో గుర్తుండదు గనుక దానికో ఇండెక్స్ చీటీ. ఆ ఇండెక్స్ రాసే ఓపికలో సగం పెట్టి బరువు దూలాన్ని ఏ చోట ఎంత వంచజూస్తుందో చూపే బెండింగ్ మూమెంట్ డయాగ్రాములు వేసుకుంటే పాసయ్యేవాళ్లు కదా అని తమరిని అడగకూడదు. పెద్దవారు.

మీ తాతగారు చేతిరాత చిట్టీ గారంటే నాకిప్పటికీ కాస్త గౌరవమే. అంత చిన్న కాగితంలో పట్టించాలంటే ఏది ముఖ్యమో తేల్చుకోవాలి, తేల్చుకోవాలంటే చదవాలి. కుదించి రాసేసరికి సగం నోటికొచ్చేసేది, హాల్లో తీయాల్సిన పనే పడేది కాదు కొందరికి. తమ వంశంలో ఆ చాదస్తం ఆయనతోనే పోయింది. జిరాక్స్ సెంటర్ కుర్రాడి చేతిలో గైడు పెడితే చాలు, చదివే అవసరం అతనికీ లేదు, తెచ్చినవాడికీ లేదు.

తమ భక్తులకు నిబంధనలైనా తెలుసో లేదో. జేఎన్‌టీయూ హైదరాబాద్ రూల్ ప్రకారం తమరు ఊరికే జేబులో దొరికితే ఆ ఒక్క సబ్జెక్టు పోతుంది. తమరిని చూసి రాస్తూ దొరికితే ఆ సబ్జెక్టుతో పాటు అప్పటికే రాసినవి, ప్రాక్టికల్స్, ప్రాజెక్టు కూడా రద్దు, మిగిలిన పరీక్షలకు హాల్లోకే రానివ్వరు. స్క్వాడ్ జీపు గేటు దాటేలోపే మూడో అంతస్తుకు కబురందే కాలేజీల్లో ఈ రూల్ ఎవరికి అక్కరొస్తుందనుకోండి. రిజల్టు శాతం ఫ్లెక్సీ కట్టించిన యాజమాన్యానికి తమరు దత్తపుత్రులు. అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరికే ప్రాజెక్టు రిపోర్టు గారు తమకు వియ్యంకులు. వాళ్లనిప్పుడు కదిలించను.

నా గొడవ మైనస్ గుర్తు గురించి.

కాపీని కాపీ చేసినప్పుడు ముందు చచ్చేవి సన్నగీతలు. టోనర్ వాటి మీద సరిగా నిలవదు. పొడవును సూచించే ఎల్ పైనున్న చిన్న 3, అంటే క్యూబ్, అలికిపోయి 8 లాగానో, చుక్కలాగానో మిగులుతుంది. కాంటిలీవర్, అంటే ఒక కొన గోడలో బిగించి రెండో కొన గాల్లో వదిలిన దూలం, దాని చివర బరువు పెడితే వంగేది డబ్ల్యూ ఎల్ క్యూబ్ బై 3 ఈఐ. డబ్ల్యూ అంటే బరువు, ఈఐ అంటే దూలం వంగకుండా నిలిచే బిగువు. పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు. క్యూబ్ ఎగిరిపోతే మనవాడి లెక్కలో రెండే రెట్లు. సరే, ఇక్కడ నేను మార్కులు కోస్తాను, అయిపోతుంది. కానీ అదే కాంటిలీవర్‌కు గోడలో బిగించిన కొన, అదే ఫిక్స్‌డ్ ఎండ్, దగ్గర బెండింగ్ మూమెంట్ 'మైనస్ డబ్ల్యూ ఎల్'. ఈ కట్టలో సగం మందికి ఆ మైనస్ లేదు.

ఆ గీత అలంకారం కాదండీ. రెండు గోడల మీద ఆనిన స్లాబు మధ్యలో కిందికి సాగుతుంది, లాగుడు కింద ఉంటుంది, అందుకని మెయిన్ ఊచలు కింద. బాల్కనీ అలా కాదు. గోడ దగ్గర పట్టుంటుంది, చివర గాల్లో ఉంటుంది, లాగుడు పైన పడుతుంది, కాబట్టి ఊచలు పైన వేయాలి. మైనస్ చెప్పేది అదే. కాంక్రీటు నొక్కుడుకు ఎంత ఓర్చుకుంటుందో లాగుడుకు అందులో పదో వంతు కూడా కష్టం. ఊచలు పైన కట్టినా చాలదు. కింద చెయిర్లు, అంటే ఊచల్ని ఎత్తిపట్టే ఇనుప ఆసరాలు, పెట్టకపోతే కాంక్రీటు పోసేవాళ్లు తొక్కి అడుగుకు దించేస్తారు. పోసేటప్పుడు పక్కన నిలబడి 'పైకి లేపండి' అని అరవాల్సినవాడు సైట్ ఇంజినీరు. అతనే నీ భక్తుడైతే ఆ అరుపు రాదు. మేస్త్రీ అన్ని స్లాబుల్లాగే దీనికీ కిందే కడతాడు, ఇతను సంతకం పెడతాడు. కాంక్రీటు కప్పేశాక ఇంటావిడకు తెలియదు, బ్యాంకు వాల్యుయర్‌కీ తెలియదు. సెంట్రింగ్ కర్రలు ఉన్నన్నాళ్లూ అదీ నిలబడే ఉంటుంది.

ఆ మైనస్ నువ్వు మింగావు. డిగ్రీ మీద దాని ఆచూకీ ఉండదు, మెమోలో ఉండదు, ఉద్యోగమిచ్చినవాడు అడగడు. అడిగేది స్లాబొక్కటే.

చీటీలు చించి కాలవలో పారేసి వెళ్లిపోతే సరిపోదు. కర్రలు విప్పే రోజు నువ్వూ రా. వచ్చి ఆ బాల్కనీ కింద నిలబడు.

ఇట్లు,
ఎర్రపెన్ను