వికీపీడియా జీవిత చరిత్రలు: మొదట అడగాల్సిన ప్రశ్నను చివర్లో అడుగుతున్నారు

ఇంగ్లిష్ వికీపీడియాలో నేరుగా కొత్త వ్యాసం సృష్టించాలంటే ఖాతా తెరిచి 4 రోజులు గడవాలి, కనీసం 10 దిద్దుబాట్లు చేసి ఉండాలి. ఆ పది దిద్దుబాట్లూ ఒక్క పూటలో అయిపోతాయి. ఒకచోట కామా, ఒకచోట లింకు, ఇంకోచోట అక్షరదోషం, అంతే. అయిదో రోజున బతికున్న ఒక వ్యక్తి జీవిత చరిత్ర ఏకమొత్తంగా వచ్చి పడుతుంది. సమాచారపెట్టె, పుట్టిన తేదీ, చదువు, పురస్కారాలు, స్టూడియోలో తీయించుకున్న ఫొటో అన్నీ ఉంటాయి. కొత్త పేజీలను తనిఖీ చేసేవారు ఈ వరస చూడగానే ఆగుతారు. కాసేపటికి వ్యాసం నెత్తిన ప్రచార ధోరణి అంటూ ఒక మూస (ముందే తయారుగా ఉన్న హెచ్చరిక పెట్టె) పడుతుంది, తొలగింపు ప్రతిపాదన వస్తుంది, ఆ వ్యాసం గురించి సభ్యులు మాట్లాడుకునే చర్చా పేజీలో ఒక ప్రశ్న కనిపిస్తుంది: ‘ఈ వ్యక్తితో మీకున్న సంబంధం ఏమిటి?’

అడగాల్సిన ప్రశ్నే అది. కానీ రాయడమంతా అయ్యాక, తొలగింపు నోటీసు పక్కన పెట్టి అడిగితే ఎవరికైనా నేరం మోపినట్టే ఉంటుంది. ఆ దశలో కొత్తవాళ్ళు తరచూ చేసేవి రెండే: సంబంధం లేదని అబద్ధం చెప్పడం, లేదా మళ్ళీ రాకుండా వెళ్ళిపోవడం. రెండూ విజ్ఞాన సర్వస్వానికి నష్టమే.

ఇలా రాసేవాళ్ళంతా డబ్బు పుచ్చుకున్నవాళ్ళనుకుంటే పొరపాటు. గురువు గురించి రాసే శిష్యురాలు, తాతగారి గురించి రాసే మనవడు, రచయిత దగ్గర సహాయకుడిగా కుదిరిన కుర్రాడు, ‘మన డైరెక్టర్ గారికి వికీపీడియా పేజీ పెట్టండి’ అని పై అధికారి చెబితే తలూపిన ఉద్యోగి అందరూ వీళ్ళలో ఉంటారు. ప్రయోజన వైరుధ్యం (కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్) సంబంధం వల్ల ఏర్పడే స్థితి, దురుద్దేశంతో దానికి పనిలేదు. మనవడు రాసిన ప్రతి వాక్యమూ నిజమే కావచ్చు, అయినా ఆ స్థితి మారదు. వైరం కూడా సంబంధమేనని చాలామంది మరిచిపోతారు. విడిపోయిన జీవిత భాగస్వామి, ఉద్యోగం పోయిన మాజీ సిబ్బంది, ఎన్నికల్లో ప్రత్యర్థి అనుచరుడు రాసినా ఇదే నియమం వర్తిస్తుంది.

బతికున్నవారి విషయంలో ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే 2005 నాటి ఒక ఉదంతం చాలు. అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్ వ్యాసంలో, కెన్నెడీ సోదరుల హత్యల్లో ఆయన్ని అనుమానించారంటూ ఎవరో చేర్చిన కట్టుకథ సుమారు నాలుగు నెలలు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. ఆ ఏడాది డిసెంబరులో ఇంగ్లిష్ వికీపీడియా ఖాతా లేనివారు వ్యాసాలు సృష్టించకుండా ఆపేసింది. 2010 నుంచి, బతికున్న వ్యక్తి గురించిన కొత్త వ్యాసంలో ఒక్క మూలమూ లేకపోతే ప్రత్యేక తొలగింపు నోటీసు పెడుతున్నారు. 7 రోజుల్లో నమ్మదగిన మూలం చేరకపోతే వ్యాసం పోతుంది.

దగ్గరివాళ్ళు రాస్తే అసలు చెడేది ఎక్కడ? చాలామంది విశేషణాల దగ్గరే ఆగిపోతారు. ‘ప్రఖ్యాత’, ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’, ‘అవిశ్రాంత కృషి’ లాంటివి తీసేస్తే వ్యాసం బాగుపడిందనుకుంటారు. విశేషణాలు తీయడం పది నిమిషాల పని. రాసిన క్రమమే తలకిందులుగా ఉండటం అంతకన్నా లోతైన సమస్య. దగ్గరివాళ్ళు తమకు తెలిసినది ముందు రాసేసి, ఆ వాక్యాలకు తగిన మూలాల కోసం తర్వాత వెతుకుతారు. జరగాల్సింది దీనికి పూర్తిగా ఎదురు. ముందు మూలాలు పోగెయ్యాలి, వాటిలో ఉన్నంతవరకే రాయాలి, లేనిది ఎంత బాగా తెలిసినా వదిలెయ్యాలి.

తలకిందులుగా రాసిన వ్యాసాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. బాల్యం, కుటుంబం గురించి మూడు పేరాలుంటాయి, ఒక్క పాదసూచిక ఉండదు. మరోచోట ఒకే వాక్యానికి అయిదు పాదసూచికలుంటాయి. తెరిచి చూస్తే అయిదు సైట్లలోనూ ఒకే పత్రికా ప్రకటన, అదే రోజున, అవే వాక్యాలతో, విలేకరి పేరు లేకుండా ఉంటుంది. అందులోంచి ఒక వాక్యాన్ని కోట్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే నిమిషంలో బయటపడుతుంది. అవి అయిదు మూలాలు కావు, ఒక్కటే, అదీ స్వతంత్రమైనది కాదు. సొంత వెబ్‌సైటు, లింక్డ్‌ఇన్ పేజీ, ప్రచురణకర్త పెట్టిన రచయిత పరిచయం, పురస్కారం ఇచ్చిన సంస్థ సొంత ప్రకటన, సభ జరుగుతుందన్న నోటీసు కూడా ఇదే కోవలోకి వస్తాయి. పుట్టిన ఊరు, చదివిన కళాశాల లాంటి సాదా వివరాలకు వీటిలో కొన్ని పనికొస్తాయి. ఆ వ్యక్తికి వ్యాసం ఉండదగిన ప్రాముఖ్యత ఉందని చూపడానికి మాత్రం పనికిరావు.

మూలం స్వతంత్రమైనదా అని తేల్చుకోవడానికి మూడు విషయాలు చూడాలి. ఆ కథనం రాయాలని నిర్ణయించింది ఎవరు? దాని ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? ఆ వ్యక్తి చెప్పిన మాటలు తీసేస్తే కథనంలో విలేకరి సొంత పరిశీలన ఏమైనా మిగులుతుందా? ఇంటర్వ్యూల దగ్గర కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడతారు. పెద్ద పత్రికలో వచ్చిందే కదా అంటారు. ప్రశ్నలు, జవాబులు మాత్రమే ఉంటే అది ఆ వ్యక్తి తన గురించి తాను చెప్పుకున్నదే. ప్రశ్నలకు ముందు విలేకరి తన పరిశోధనతో నాలుగైదు పేరాల పరిచయం రాసి ఉంటే ఆ భాగాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. ఇలా వడపోశాక రెండు మూడు గట్టి కథనాలు మిగలకపోతే వ్యాసానికి ఇంకా సమయం రాలేదని అర్థం. బాగా రాయడం వల్ల ఆ లోటు తీరదు.

ఇంతవరకూ పాఠం చూసి పట్టుకోగలిగినవే. చూసి పట్టుకోలేనిది ఒకటుంది, అదే అన్నిటికన్నా ప్రమాదకరం: వదిలేసినవి. మూతపడ్డ సంస్థ, కోర్టులో ఓడిన కేసు, మధ్యలో వదులుకోవాల్సి వచ్చిన పదవి, సహ రచయితతో వచ్చిన వివాదం, వీటి మీద పత్రికల్లో బోలెడు కథనాలున్నా దగ్గరివాళ్ళు రాసిన వ్యాసంలో ఉండవు. ప్రతి వాక్యం నిజం, ప్రతి వాక్యానికీ మూలం ఉంటుంది, మొత్తం చిత్రం మాత్రం అబద్ధం. తనిఖీ చేసేవారు ఉన్న వాక్యాలను సరిచూడగలరు, లేని వాక్యాలను ఎలా చూస్తారు? రాసినవారికి సంబంధం ఉందని ముందే తెలిస్తే, ఉన్న మూలాలు చదవడంతో ఆగకుండా విడిగా వెతుకుతారు. సంబంధం వెల్లడించమని అడగడానికి బలమైన కారణం ఇదే. తప్పు ఒప్పించడం కోసం కాదు, ఎక్కడ వెతకాలో తెలియడం కోసం.

వెల్లడించడం పెద్ద పనేమీ కాదు. వాడుకరి పేజీలో, అంటే మీ ఖాతాకు ఉండే సొంత పేజీలో, రెండు వాక్యాలు చాలు: ‘నేను ఫలానా వారి దగ్గర సహాయకురాలిగా పనిచేస్తున్నాను. వారి గురించిన వ్యాసంలో మార్పులను చర్చా పేజీలోనే ప్రతిపాదిస్తాను.’ డబ్బు ప్రమేయం ఉంటే ఇది సలహాగా మిగలదు. వికీమీడియా ఫౌండేషన్ 2014 జూన్‌లో వాడుక నిబంధనలను సవరించినప్పటి నుంచి, ప్రతిఫలం పుచ్చుకుని రాసేవారు యజమాని ఎవరో, క్లయింట్ ఎవరో, తమ అనుబంధం ఏమిటో చెప్పి తీరాలి. వాడుకరి పేజీలోనో, వ్యాసం చర్చా పేజీలోనో, దిద్దుబాటు సారాంశంలోనో (మార్పుతో పాటు రాసే చిన్న వివరణలో) చెప్పవచ్చు. నెల జీతంలో భాగంగా రాసినా అది ప్రతిఫలమే. జీతం లేని ఇంటర్న్‌ను కూడా ఇంగ్లిష్ వికీపీడియా ఉద్యోగి కిందే లెక్కగడుతుంది. సంస్థ పేరుతో ఖాతా తెరవడం, ఒకే ఖాతాను ఆఫీసులో నలుగురు వాడటం కుదరవు. ఖాతా ఒక మనిషిదే అయి ఉండాలి.

కొత్త వ్యాసమైతే చిత్తుప్రతిగా రాసి సమీక్షకు పంపాలి. ఆరు నెలలు ఎవరూ ముట్టుకోని చిత్తుప్రతిని తొలగిస్తారు, తర్వాత అడిగితే సాధారణంగా తిరిగి ఇస్తారు. వ్యాసం ఇప్పటికే ఉంటే, చర్చా పేజీలో దిద్దుబాటు అభ్యర్థన పెట్టాలి. అక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. వ్యాసం మొత్తాన్ని తిరగరాసి ‘దీన్ని పెట్టండి’ అంటే ఆ అభ్యర్థన వరుసలో ఉండిపోతుంది, అంత చదివి సరిచూసే తీరిక స్వచ్ఛంద సభ్యులకు ఉండదు. ‘రెండో పేరాలో ఫలానా వాక్యం తీసి, దాని బదులు ఈ వాక్యం పెట్టండి. మూలం ఇది. కారణం ఇది’ అని ఒక్కో మార్పునూ విడిగా అడిగితే పని జరుగుతుంది. అక్షరదోషాలు, దుశ్చర్యలు (కావాలని వ్యాసాన్ని చెడగొట్టే రాతలు), మూలం లేకుండా పరువు తీసే రాతలు ఉంటే సంబంధం ఉన్నవారు కూడా నేరుగా తీసేయవచ్చు. అయితే తమకు సంబంధం ఉందన్న మాట దిద్దుబాటు సారాంశంలో రాయాలి.

కాపీహక్కుల గురించి ఒక్క మాట. సొంత వెబ్‌సైటులోని పరిచయాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే, అది మీరే రాసినదైనా, స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసినట్టు ఆధారం లేనిదే ఉంచరు. ఫొటో మీద హక్కు సాధారణంగా తీసినవారిది, అందులో ఉన్నవారిది కాదు.

‘నా గురించి నాకన్నా ఎవరికి తెలుసు?’ అనే వాదన తరచూ వినిపిస్తుంది. 2012లో అమెరికా నవలాకారుడు ఫిలిప్ రాత్‌కు ఇదే ఎదురైంది. తన నవలకు ప్రేరణ ఎవరన్న విషయంలో వ్యాసంలోని మాట తప్పని ఆయన తరఫున చెబితే, ద్వితీయ మూలాలు (ఇతరులు స్వతంత్రంగా రాసి ప్రచురించినవి) కావాలన్నారు. ఆయన ఒక పత్రిక వెబ్‌సైటులో బహిరంగ లేఖ రాశారు. దాన్ని మూలంగా చూపి వ్యాసంలో ఆయన వాదన చేర్చారు. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఆ పద్ధతే సబబు. ఖాతా వెనక ఉన్నది ఎవరో పాఠకుడు సరిచూడలేడు, ప్రచురితమైన లేఖను సరిచూడగలడు.

అలాగని సమీక్షకుల తీర్పు ఎప్పుడూ సరైనదే అనలేం. భౌతిక శాస్త్రవేత్త డొనా స్ట్రిక్‌లాండ్ గురించిన చిత్తుప్రతిని 2018 మేలో తిరస్కరించారు, అక్టోబరు 2న ఆమెకు నోబెల్ ప్రకటించారు. ఇచ్చిన మూలాలు ప్రాముఖ్యతను చూపడం లేదని మూసతోనే చెప్పారు. మూసతోనే మాట్లాడే అలవాటు వల్ల అర్హులు కూడా బయటే ఉండిపోతారు. ప్రయోజన వైరుధ్యం మూస పెట్టినవారు ఏ వాక్యంతో ఇబ్బందో చర్చా పేజీలో చెప్పాలని ఆ మూస సూచనల్లోనే ఉంది. ఎందరు పాటిస్తున్నారు?

తిరస్కారం పొందిన కొత్తవాళ్ళ కోసం మరొకరు కాచుకుని ఉంటారు. 2015లో ఇంగ్లిష్ వికీపీడియా 381 ఖాతాలను నిరోధించి, వాటితో ముడిపడిన 210 వ్యాసాలను తొలగించింది. ఆ ముఠా పద్ధతుల్లో ఒకటి, తిరస్కరించిన చిత్తుప్రతులు ఎవరి గురించో చూసి, వారిని కలిసి, డబ్బిస్తే వ్యాసం ప్రచురిస్తామని బేరం పెట్టడం. ఆ తరహా ఈమెయిళ్ళు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. నిర్వాహకులమని చెప్పుకుంటారు, రుసుము అడుగుతారు. సమీక్షకు, ప్రచురణకు, తొలగింపు నుంచి కాపాడటానికి వికీపీడియాలో ఎవరూ రుసుము తీసుకోరు. అడిగారంటే మోసమే.

వ్యాసం వచ్చేస్తే ఏం దొరుకుతుందన్న విషయంలోనూ భ్రమలున్నాయి. ఇంగ్లిష్ వికీపీడియాలో కొత్త వ్యాసాన్ని సాధారణంగా తనిఖీ చేసేదాకా గూగుల్ లాంటి వెతుకు యంత్రాలకు చూపరు. బయటి లింకుల వల్ల సైటు ర్యాంకు పెరగకుండా 2007లోనే కట్టుదిట్టం చేశారు. వ్యాసం ఒకసారి నిలబడితే రాసినవారికి గానీ, అందులోని వ్యక్తికి గానీ దాని మీద హక్కు ఉండదు. రేపు నమ్మదగిన పత్రికలో చేదు వార్త వస్తే అదీ చేరుతుంది, వద్దంటే ఆగదు. తాతగారి మీద ప్రేమతో రాసే మనవడికి ఈ సంగతి మొదటి వాక్యానికి ముందే చెప్పాలి. మొదటి వ్యాసంగా దగ్గరివారి జీవిత చరిత్ర ఎంచుకోవద్దని కూడా.

ప్రస్తుత పద్ధతిలో పెద్ద అన్యాయం ఒకటుంది. నిజం చెప్పిన కొత్త సభ్యురాలు చిత్తుప్రతి వరుసలో వారాలు, నెలలు వేచి ఉంటుంది. చెప్పనివాడు పది దిద్దుబాట్లు చేసి, నేరుగా వ్యాసం పెట్టి, ఎవరూ పట్టించుకోకపోతే గట్టెక్కుతాడు. చురుకైన సభ్యులు కొద్దిమందే ఉన్న భాషల్లో అది ఇంకా సులువు. ఇంగ్లిష్‌లో తొలగించిన వ్యాసాలు యంత్రానువాదంతో అక్కడికి చేరుతుంటాయి. నిజాయితీకి శిక్ష, దాపరికానికి ప్రయోజనం ఉన్నంతకాలం నియమాలు ఎన్ని రాసినా ఫలితం ఉండదు.

ఇంగ్లిష్ వికీపీడియాలో వ్యాస సృష్టి సహాయక పేజీల ద్వారా వెళ్ళేవారిని సంబంధం గురించి ముందే అడుగుతారు. ఆ దారిన రానివారికి ఆ ప్రశ్న కనబడదు. బతికున్న వ్యక్తి గురించి కొత్త పేజీ తెరిచే ప్రతి కొత్త ఖాతాకూ, ఏ దారిన వచ్చినా, రాసే పెట్టె పైనే అది కనబడాలి: ‘ఈ వ్యక్తి మీకు ఏమవుతారు?’ బంధువు, పరిచయస్తులు, యజమాని లేదా క్లయింట్, ఎలాంటి సంబంధమూ లేదు అని నాలుగు ఎంపికలు చాలు. ఎంచుకున్నది వ్యాసం చర్చా పేజీలో దానంతటదే చేరాలి. పేరు, ఊరు అడగనక్కర్లేదు. సభ్యుల వ్యక్తిగత వివరాలు ఇతరులు బయటపెట్టకూడదన్న నియమానికి భంగం కలగదు. సంబంధం ఉందన్నవారి చిత్తుప్రతులకు విడిగా ఒక వరుస పెట్టి, మూసతో సరిపెట్టకుండా ఏ మూలం సరిపోలేదో రాసి సమీక్షించాలి.

అబద్ధం చెప్పేవాళ్ళు అక్కడా చెబుతారు కదా అనే అభ్యంతరం వస్తుంది. చెబుతారు. అయితే ఈ రోజు పట్టుబడిన ప్రతివారికీ ‘నియమం ఉందని తెలియదు’ అనే జవాబు సిద్ధంగా ఉంది, అది చాలాసార్లు నిజం కూడా. ప్రశ్న చూసి ‘సంబంధం లేదు’ అని నొక్కినవారికి ఆ జవాబు ఉండదు. వాడుక నిబంధన ఉల్లంఘన కింద చర్య తీసుకోవడానికి వాళ్ళు ఇచ్చిన సమాధానమే ఆధారమవుతుంది. తెలియక వచ్చినవారి మీద దాచారన్న అనుమానం పడదు.