రోల్ ఆడించి అప్‌లోడ్ చేస్తే కాపాడినట్టేనా?

జర్మన్ పియానిస్ట్, స్వరకర్త కార్ల్ రైనెకె 1824లో పుట్టాడు. అప్పటికి బీథోవెన్ ఇంకా బతికే ఉన్నాడు. రైనెకె వాయింపు మనకు మిగిలింది పియానో రోల్స్‌లోనే (స్వరాలను కన్నాలుగా కొట్టిన కాగితపు చుట్టలు, ఎక్కిస్తే పియానో తనంతట తానే వాయిస్తుంది), గ్రామఫోన్ రికార్డులు లేవు. ఆ కాలపు మరో పియానిస్ట్ లెషెటిట్స్కీదీ అదే కథ. అలాంటి రోల్‌ని ఏళ్ళ తరబడి రిపేరు చూడని పియానోకి ఎక్కించి, ఫోన్‌తో తీసి "ఇదిగో రైనెకె" అని పెట్టేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

1904లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నుంచి వచ్చిన వెల్టె-మిన్యోన్ అనే రోల్ పియానో యంత్రం నడిచేది గాలి మీద. కాగితంలోని కన్నం ట్రాకర్ బార్ (వరుసగా కన్నాలున్న పట్టీ) మీదికి రాగానే గాలి లోపలికి దూరి చిన్న తోలు పౌచ్‌ని లేపుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది, బెల్లోస్ (గాలితిత్తి) ముడుచుకుని సుత్తిని కొట్టిస్తుంది. తోలు బిగుసుకుపోయినా, గొట్టాలు పగిలినా స్వరం ఆలస్యంగా పడుతుంది, మెత్తని స్వరాలు అసలు పలకవు. వినేవాళ్ళేమో ఆ కాలం వాళ్ళు ఇంత ముతకగా వాయించేవారా అనుకుంటారు. పాపం రైనెకె!

ముందు కావలసింది స్కాన్. లీడర్ (రోల్ మొదటి అంచు) నుంచి చివరంచు దాకా, కలర్‌లో, 300 డీపీఐలో, పెన్సిల్ గీతలూ స్టాంపులతో సహా. చిరుగులకు సెల్లోటేప్ అంటించొద్దు, జిగురు కారి పై చుట్టను పట్టేస్తుంది. జపనీస్ టిష్యూ, పల్చటి గోధుమ గంజి చాలు. స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ 2014లో సిడ్నీకి చెందిన డెనిస్ కాండన్ సేకరణ, 7,500 రోల్స్, తీసుకుని ఈ దారే పట్టింది.

స్కాన్‌ని మిడీగా (కంప్యూటర్ వాయించగల స్వరాల ఫైలుగా) మార్చేటప్పుడు ఇంకో గండం. సాగే స్వరాన్ని చాలాచోట్ల వరుస చిన్న కన్నాలుగా కొడతారు, కాగితం బలం పోకుండా. సాఫ్ట్‌వేర్ వాటిని కలపకపోతే ఒక్క స్వరం టకటకా పది స్వరాలవుతుంది. కాగితాన్ని లాగేది చుట్టుకునే స్పూల్ కాబట్టి, అది లావెక్కేకొద్దీ వేగం పెరుగుతుంది. ఒకే వేగం లెక్కేస్తే రచన చివరికొచ్చేసరికి ఈడుస్తున్నట్టు వినిపిస్తుంది. దాన్ని "రొమాంటిక్ రుబాటో" (భావం కోసం వేగాన్ని సాగదీయడం) అని మెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు!

ఇవన్నీ సరిచేసినా "అచ్చం ఆయన చేతులే" అనకండి. వెల్టె పియానోను బేస్ (కింది స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) అని రెండు భాగాలు చేసింది. ఒక భాగంలో ఒకే క్షణాన పడే స్వరాలన్నిటికీ ఒకే బలం. మెలొడీ పైకి వినిపించాలంటే దాన్ని రవ్వంత ముందుకో వెనక్కో జరపాలి. అలా జరిగి ఉన్నచోట అది వాయించినవాడి అలవాటో, రోల్‌ని తర్వాత దిద్దిన ఎడిటర్ కత్తెరో విని తేల్చలేం. అదే రోల్ రెండో కాపీ దొరికితే దాన్నీ స్కాన్ చేసి పోల్చాలి, కనీసం కన్నాలు కొట్టే యంత్రం తప్పులైనా బయటపడతాయి.

అప్‌లోడ్ చేసేవాళ్ళు రోల్ నంబరు, ఏ పియానో, ఎంత వేగం, చివరిసారి వాల్వులు ఎప్పుడు సరిచేశారు అన్నది కింద రాయండి. అవి లేని వీడియో ఎవరు పంపినా నేను షేర్ చేయను.