ఇంటి గడ్డికి ఖరీదు కట్టనిదే పాల లెక్క తేలదు

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, పలమనేరు, పుంగనూరు, వి.కోట, కుప్పం వైపు ఏ పాడి రైతును పలకరించినా దాణా బస్తా ధర రూపాయి తేడా లేకుండా చెబుతారు. కిందటి నెల ఎంత ఉండేది, ఈ నెల ఎంత పెరిగింది, ఏ కంపెనీ బస్తా ఎంత అన్నీ కంఠతా వచ్చు. ఆవుకు జబ్బు చేస్తే మందులకు ఎంతయిందో గుర్తుంటుంది. అదే రైతును సొంత చేలో కోసి, ఎండబెట్టి, వామి వేసుకున్న గడ్డి కిలో ఎంత పడిందని అడిగితే జవాబు రాదు. చేతిలోంచి డబ్బు పోలేదు కాబట్టి ఖర్చు లేదని నమ్మకం. పాడిలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు మేతదే. అందులో పెద్ద భాగాన్ని వెల లేకుండా వదిలేసి, పాలు గిట్టుబాటు అవుతున్నాయా లేదా అని తేల్చడం ఎవరి వల్లా కాదు.

వరికి, వేరుశనగకు ఈ లెక్క కట్టిపెట్టే వ్యవస్థ ఉంది. కేంద్రంలోని వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ మూడు రకాల ఖర్చులు చూపిస్తుంది. రైతు జేబులోంచి కట్టిన డబ్బు ఏ2. దానికి ఇంటిల్లిపాది కష్టానికి కూలి కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సీ2. స్వామినాథన్ కమిషన్ నివేదిక వచ్చినప్పటి నుంచి రైతు సంఘాలు పట్టుబడుతున్నది మద్దతు ధరను ఈ సీ2 మీద కట్టాలనే. అయితే కనీస మద్దతు ధర జాబితాలో పాలు లేవు, పశుగ్రాసమూ లేదు. పాల కేంద్రంలో వెన్న శాతం, వెన్నేతర ఘనపదార్థాల శాతం చూసి ధర వేస్తారు. ఆ పాల వెనక ఎంత గడ్డి ఖర్చయిందో అక్కడ ఎవరూ అడగరు, రైతు దగ్గర చెప్పడానికి అంకె ఉండదు. అందుకే ఈ మూడు లెక్కలనూ మన గడ్డివామికి పెట్టి చూడాలంటున్నాను.

ఒక ఎకరంలో ఎండుగడ్డి కోసం పశుగ్రాసపు జొన్న వేశారనుకుందాం. కింద వేసే ధరలు ఉదాహరణకు మాత్రమే. ఎవరి ఊరి రేట్లు వారు వేసుకోవచ్చు, లెక్క తీరు మారదు. ట్రాక్టరు దుక్కికి 3,000 రూపాయలు, విత్తనాలకు 1,500, యూరియా తదితరాలకు 1,500, గడ్డి ఇంటికి తోలడానికి 1,000. ఇంతవరకు జేబులోంచి పోయింది 7,000. కోతకు ఎనిమిది మంది, తిరగేసి ఎండబెట్టి, కట్టలు కట్టి వామి వేయడానికి మరో నలుగురు కావాలి. ఈ పన్నెండు మంది కూలీల పని ఇంట్లో వాళ్లే చేసుకున్నా, రోజుకు 500 చొప్పున 6,000 అవుతుంది. అప్పటికి 13,000. చేలో వేసిన సొంత పేడ ఎరువు రెండు ట్రాక్టర్లు అమ్మితే 3,000 వచ్చేది. అదే ఎకరాన్ని ఆ పంట కాలానికి కౌలుకిస్తే 6,000 వచ్చేది. బోరు, మోటారు అరుగుదలకు 2,000 వేసుకోండి. మొత్తం 24,000.

బోరు మాట దగ్గర కాస్త ఆగాలి. వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు 2004 నుంచి ఉంది కాబట్టి నీటి ఖర్చు సున్నా అని రాసుకోవడం అలవాటైపోయింది. పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దాటిన బోర్లు కొత్త కాదు. తవ్వినవి అన్నీ పడవు. పడినవి ఎన్నేళ్లు పోస్తాయో తెలియదు. మోటారు కాలితే పైకి తీసి, చుట్టించి, మళ్లీ దించే ఖర్చు ఎంతో అనుభవించిన వారికే తెలుసు. పైగా ఎండుగడ్డికి ఈ ప్రాంతంలో ఒక చిక్కుంది. జూన్‌లో విత్తితే వాన నీటితోనే పైరు పెరుగుతుంది, కానీ కోతకొచ్చే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వరుసగా నాలుగు రోజులు ఎండ కాస్తుందన్న నమ్మకం ఉండదు. జనవరిలో విత్తితే ఎండ పుష్కలం, నీరు మాత్రం మొత్తం బోరు నుంచే రావాలి. ఎండకు డబ్బు కట్టం, నిజమే. కానీ ఆ ఎండ దొరికే కాలంలో గడ్డి పెంచడానికి భూగర్భ జలాన్ని ఖర్చు చేస్తున్నాం. దాన్ని ఖర్చు కింద రాయకపోతే ఇంకెక్కడ రాయాలి?

ఇక దిగుబడి. ఎకరానికి 12 టన్నుల పచ్చిమేత వచ్చిందంటే ఇంటికి చేరే గడ్డి అంత అనుకోకూడదు. సగం చేను పూతకొచ్చినప్పుడు కోస్తే అందులో పావు వంతే ఎండు పదార్థం, తక్కింది నీరు. అంటే మూడు టన్నులు. ఆరబెట్టేటప్పుడు ఆకు రాలడం వల్ల, తిరగేయడం, తోలడం వల్ల ఐదో వంతు పోయిందనుకుంటే మిగిలేది 2,400 కిలోలు. వామిలో ఉండే 12 శాతం తేమతో కలిపి తూకం వేస్తే దాదాపు 2,700 కిలోల ఎండుగడ్డి. ఇప్పుడు భాగించండి. జేబు ఖర్చే చూస్తే కిలో రెండు రూపాయల అరవై పైసలు. ఇంటి కష్టం కలిపితే నాలుగు రూపాయల ఎనభై పైసలు. అన్నీ కలిపితే తొమ్మిది రూపాయలకు పది పైసలు తక్కువ. ఒకే గడ్డి, మూడు ధరలు. మన రైతు మనసులో ఉన్నది మొదటిది. అది కూడా చాలామంది మనసులో లేదు.

ఈ తొమ్మిది రూపాయలు కూడా గడ్డి బాగా ఎండితేనే. జొన్న ఆకు రెండో రోజుకే గలగలమంటుంది, కాడ మాత్రం ఎండదు. చూడాల్సింది కణుపు. గోటితో గీరితే పొర తడిగా లేచి వచ్చిందంటే ఇంకా ఆగాలి. మెలి తిప్పితే పుటుక్కున విరగాలి. తేమ 15 శాతానికి దిగకముందే వామి వేస్తే లోపల వేడి పుడుతుంది. వారం తర్వాత వామిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తే ఆవిరి తగిలినట్టు తెలుస్తుంది. ఆపైన బూజు, ఆపైన ఆవు మూతి తిప్పుకోవడం. అలా పదోవంతు పారబోసినా కిలో ధర దాదాపు పది రూపాయలవుతుంది. ముక్కలు చేయకుండా కాడలు కాడలుగా గాడిలో వేస్తే మరికొంత ఆవు కాళ్ల కిందికే పోతుంది. గడ్డిని ముక్కలు చేసే చాఫ్ కట్టర్ మీద పెట్టిన డబ్బు తిరిగి వచ్చేది అక్కడే. లేత జొన్నలో పశువుల ప్రాణం తీసే నాము (సైనైడ్) విషం భయం కూడా ఉంది కాబట్టి పూతకు ముందు తొందరపడకూడదు. అలాగని గింజ ముదిరేదాకా ఆగితే మాంసకృత్తులు తగ్గిపోయి చేతికొచ్చేది ఉత్త చొప్పే.

కొనే గడ్డితో పోల్చకుండా ఈ లెక్క పూర్తి కాదు. శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు వరి ఎక్కువ. అక్కడ యంత్రంతో కోసిన పొలాల్లో బేలరు కట్టిన వరిగడ్డి కట్టలు లారీలెక్కి పడమటికి వస్తాయి. గడ్డి బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. లారీ నిండినా ఎక్కువ టన్నులు రావు, అందుకే పొలం దగ్గర చవకగా ఉన్న కట్ట పాక చేరేసరికి రెట్టింపవుతుంది. కిలో ఎనిమిది రూపాయలకు పడిందనుకుందాం. సొంత జొన్నగడ్డికన్నా చవకే కదా అనిపిస్తుంది. కానీ వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే, పూతలో కోసిన జొన్నగడ్డిలో దాదాపు ఏడు శాతం. రోజుకు ఐదు కిలోలు వేస్తే వరిగడ్డి నుంచి 175 గ్రాములు, జొన్నగడ్డి నుంచి 350 గ్రాములు అందుతాయి. ఆ తేడా పూడ్చాలంటే 400 గ్రాములకు పైగా వేరుశనగ చెక్క పెట్టాలి. చెక్క కిలో 50 రూపాయలైతే అది 20 రూపాయలు. ఐదు కిలోలకు పంచితే వరిగడ్డి మీద కిలోకు నాలుగు రూపాయలు అదనం. ఎనిమిది అనుకున్నది నిజానికి పన్నెండు. అన్ని ఖర్చులూ కలిపి చూసినా సొంత జొన్నగడ్డి నెగ్గుతుంది. సకాలంలో కోసి, తడవకుండా ఆరబెట్టుకుంటేనే సుమా. ఆ రెండూ తప్పితే కొన్నదే మేలు.

రాగి పండించే ఇళ్లలో రాగిగడ్డి ఉండనే ఉంది. వరిగడ్డికన్నా అది మెరుగు. మన పడమటి రైతులు దాన్ని అమ్ముకోకుండా దాచుకోవడం తెలివైన పని. సంచుల్లో వచ్చే సైలేజి (పాతరవేసి పులియబెట్టిన పచ్చిమేత), పచ్చి నేపియర్ గడ్డి విషయంలో ఒకటే జాగ్రత్త: కిలో ధర చూసి చవక అనుకోవద్దు. సైలేజి కిలో ఏడు రూపాయలైతే, అందులో ఎండు పదార్థం 30 శాతమే కాబట్టి ఎండు కిలోకు 23 రూపాయలు. మొక్కజొన్న గింజతో సహా పాతరవేసిన సైలేజిలో శక్తి ఎక్కువ, ఆ విలువ దానికి ఉంది. అయినా పోలిక ఎప్పుడూ ఎండు పదార్థం మీదే జరగాలి.

ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువ నష్టపోతున్నది వేరుశనగ కట్టె (కాయలు తీశాక మిగిలే మొక్క) విషయంలో. కాయలతో వచ్చిన కట్టె గనుక దానికి వేరే ఖర్చు లేదంటారు. పంట ఖర్చును కాయ విలువ, కట్టె విలువల నిష్పత్తిలో పంచితే కట్టెకూ వాటా పడుతుంది. మాంసకృత్తుల్లో వరిగడ్డికి రెండు మూడింతలున్న మేత అది. ఖరీఫ్ పంట పీకే సమయానికి ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. కాయలు కాపాడుకోవడానికి టార్పాలిన్ దొరుకుతుంది, కట్టె కళ్లంలో నానుతుంది. నల్లగా బూజు పట్టిన కట్టెలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చేరుతుంది, ఆవు తింటే పాలలోకీ వస్తుంది. కట్టెకు కిలోకు ఇంత అని ఖరీదు రాసిపెట్టుకున్న ఇంట్లో దాని మీద కూడా ఒక టార్పాలిన్ పడేది. ఈ జిల్లాల్లో వేరుశనగ విస్తీర్ణం తగ్గుతూ వచ్చింది. దానితోపాటు పాడికి ఎంత మేత పోయిందో ఎవరూ లెక్కించలేదు.

చేను లేనివాళ్ల సంగతి ఇంకా కష్టం. పలమనేరు దగ్గర ఒక పల్లెలో గట్ల మీద గడ్డి కోసుకొస్తున్న ఒకామెతో మాట్లాడాను. రెండు జెర్సీ ఆవులు, కుంట భూమి లేదు. “గడ్డికి ఎంతవుతుందక్కా?” అంటే, “గడ్డికేమి ఖర్చన్నా, గట్టు మీదిదే కదా” అంది. మోపు దించి, తలచుట్ట విదిలించి, కొడవలి మోపులోనే గుచ్చింది. కోసి, మోసుకొచ్చేసరికి రెండున్నర గంటలు పట్టిందట. కూలి రేటున గంటకు 60 చొప్పున అది 150 రూపాయలు. మోపు 30 కిలోలుంటే ఎండు పదార్థం ఆరు కిలోలు. కిలో 25 రూపాయలు. వరిగడ్డి, జొన్నగడ్డి, సైలేజి అన్నిటికన్నా ఖరీదైన మేత ఆమె నెత్తిన ఉంది, దానికే ఖర్చు లేదంటోంది. ఆ గంటల్లో ఆమెకు వేరే కూలి దొరకకపోవచ్చని వాదించేవారుంటారు. దొరకని రోజులుంటాయి, ఒప్పుకుంటాను. నాట్ల రోజుల్లో, టమాటా కోతల రోజుల్లో కూలి వదులుకుని గడ్డికి పోయిన ఉదయాలు కూడా ఉంటాయి. వాటికైనా విలువ కట్టాలి.

తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఊరూరా రైతు సేవా కేంద్రాలున్నాయి. పశుసంవర్ధక శాఖ గడ్డి విత్తనాలు రాయితీపై ఇస్తుంది, సంతోషం. ఖరీఫ్, రబీ ముగిశాక జిల్లాలో ఏ మేత కిలో ఎండు పదార్థం ఎంత పడిందో, ఏ2 ఎంతో, ఇంటి కష్టంతో ఎంతో, కౌలుతో కలిపి ఎంతో ఒక కాగితం మీద అచ్చువేసి సేవా కేంద్రం గోడకు అంటించడం వీరికి పెద్ద పని కాదు. పాల ధర పెంచమని అడిగే రైతు సంఘాలు కూడా దాణా ధర ఒక్కటే పట్టుకుని డెయిరీల ముందు కూర్చోవడం మానాలి. లీటరు పాలకు ఎంత గడ్డి, ఆ గడ్డికి ఎంత కూలి అన్న కాగితం చేతిలో ఉంటే డెయిరీ వాళ్లు కనీసం అంకెలకు జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ కాగితంలో గట్టు గడ్డి కోసే ఆడవాళ్ల గంటలు మొదటి వరుసలో ఉండాలి.