మహారాజశ్రీ మూలికా గుళిక గారికి

అయ్యా,

మీ సీసా మీద 'పూర్తిగా సహజం, దుష్ప్రభావాలు లేవు' అన్న ఆకుపచ్చ అక్షరాలు చదివి తరించాను. ఉమ్మెత్త కూడా సహజమే. పాపం, దానికి ఇంత అందమైన సీసా దొరకలేదు.

మీరు సెయింట్ జాన్స్ వార్ట్ అనే మూలిక వంశంవారు. దిగులు పోగొడతామని లోపలికొస్తారు. ఆ పనేదో చూసుకుని ఊరుకుంటే పేచీయే లేదు. కానీ మీలోని హైపర్‌ఫోరిన్ అనే రసాయనం కాలేయ కణాల్లో దూరి పీఎక్స్ఆర్ అనే మీట నొక్కుతుంది. ఇక సీవైపీ3ఏ4 ఎంజైము కుప్పతెప్పలుగా తయారవుతుంది. వాడుకలో ఉన్న మందుల్లో ఇంచుమించు సగాన్ని విరిచేది అదే. దాంతో చీటీలో మోతాదు మారదు, వేసుకునే వేళ మారదు, రక్తంలో మాత్రం మందు ఉండదు.

2000లో లాన్సెట్ వైద్య పత్రిక మీ ఘనకార్యాలు అచ్చువేసింది. మీ సాహచర్యంలో హెచ్‌ఐవీ మందు ఇండినవిర్ ఒంటికి అందడం 57 శాతం తగ్గింది. గుండె మార్పిడి జరిగిన ఇద్దరి రక్తంలో, కొత్త అవయవాన్ని ఒళ్లు తిరస్కరించకుండా ఆపే మందు సైక్లోస్పోరిన్ పడిపోయి, కొత్త గుండెను ఒళ్లు తిప్పికొట్టబోయింది. గర్భనిరోధక మాత్ర ఒక్కపూటా మానకుండానే తల్లులైనవాళ్లూ ఉన్నారు. వారికి మీ తరఫున శుభాకాంక్షలు చెప్పాలేమో!

మీరు వెళ్లిపోయినా చిక్కే. మీ ధాటికి, నెత్తురు గడ్డకట్టకుండా చూసే మందు వార్ఫరిన్ చాలక డాక్టరు మోతాదు పెంచుతాడు. రోగి చెప్పాపెట్టకుండా మిమ్మల్ని మానేస్తాడు. ఒకటి రెండు వారాల్లో ఎంజైములు మామూలుకొస్తాయి, వార్ఫరిన్ పేరుకుంటుంది. ఒక పొద్దున పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి నెత్తురు ఆగదు.

మిరియాల సారం పైపెరిన్ గారిది ఎదురు దారి, ఆయన ఎంజైముల చేతులు కట్టేస్తారు. పసుపు సారం ఒంటబట్టాలని గుళికల్లో ఆయన్ని కలిపేదే అందుకు. పసుపు కోసం తీసిన తలుపులోంచి మూర్ఛ మందు ఫెనిటాయిన్ కూడా దూరదా మరి?

ఇంతా చేసి, డాక్టరు 'ఇంకేమైనా వాడుతున్నారా?' అంటే రోగి బీపీ మాత్ర, షుగరు మాత్ర, నొప్పి పూసే మందు దాకా చెబుతాడు. మీ ఊసెత్తడు. మీరు మందు కాదట! దిగులు పోగొట్టేటప్పుడు మందు, డాక్టరు అడిగినప్పుడు ఉత్త ఆకు. ఈ రెండు వేషాల్లో ఏదో ఒకటి ఖాయం చేసుకుని తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
కాలేయం గల ఒక భవదీయుడు