తుప్పు పట్టిన ఇనప మూకుడు పారేయక్కర్లేదు

ఇనప మూకుడికి తుప్పు పడితే కొత్తది కొనమని ఒక వ్యాసంలో చదివాను. అక్కర్లేదండి. కోనసీమ తేమకి వానాకాలంలో ఒక్క రాత్రి తడిగా వదిలినా ఎర్రబడుతుంది, అది పైపైనే. కొబ్బరి పీచు, గళ్లుప్పుతో రుద్ది కడిగి, వెంటనే పొయ్యి మీద చెమ్మ ఆరనివ్వండి. అర చెంచా నూనె గుడ్డతో పల్చగా పామి, పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చాలి. ఇలా మూడు నాలుగుసార్లు. నూనె ఎక్కువైతే జిగురు కట్టి మినపరొట్టె అక్కడే పట్టేస్తుంది. రొట్టెకి సన్నసెగ, మూత. అంచు ఎర్రబడి తనంతట వదిలాకే తిప్పండి.

చేపల పులుసు మాత్రం ఇందులో వద్దే వద్దు. చింతపండు పులుపుకి ఆ నూనె పొర పోయి పులుసు నల్లబడుతుంది, ఇనప రుచి దిగుతుంది. పులసకి మట్టి దాకే సరి. దాక కొత్తదైతే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ముందు గంజి కాచండి.